మూడో నంబరు కుడి చెవి

లక్షా నలభై వేల రూపాయల వస్తువును జొన్నరొట్టెల డబ్బా పక్కన పెట్టుకుని రైలుకు బయలుదేరిన మనిషి ఆ శుక్రవారం వికారాబాద్ మొత్తం మీద రెబెక్క ఒక్కతే అయ్యుండాలి. తమాషా ఏమిటంటే ఆ లక్షా నలభై వేలది ఏదో ఆమెకే తెలియదు. సంచిలో మూడు జతలు ఉన్నాయి. మూడూ చింతగింజల్లా నల్లగా, నున్నగా, ఒకే అచ్చులో పోసినట్టు ఉన్నాయి. వాటి మీద తెల్లరంగుతో 1, 2, 3 అని వేసిన అంకెలు తప్ప ఇంకో గుర్తు లేదు.

అవి పాటగాళ్లు స్టేజీ మీద చెవుల్లోకి దోపుకునే ఇయర్‌ఫోన్లు. ఇన్-ఇయర్ మానిటర్లు అంటారు. వైరు చెవి మీదుగా వెనక్కి తిప్పి పెట్టుకోవాలి. హైదరాబాద్‌లో వాటిని తయారుచేసి, తెప్పించి అమ్మే కంపెనీ ఒకటి, విని తెలుగులో చెప్పగలిగే మనిషి కోసం వెతుకుతోంది. రెబెక్క ఫోన్లో రాసిపెట్టే చిన్న చిన్న రాతలు ఆ కంపెనీ జనార్దన్ సార్ కంటబడ్డాయి. మూడువందల రూపాయల ఇయర్‌ఫోన్లలో ఏది కొనాలి, ఏది నెలకే పోతుంది అని ఆమె ఉన్నదున్నట్టు రాసేది. ఆయన ఫోన్ చేసి ఒక పరీక్ష పెట్టాడు. మూడు జతలు పంపిస్తాం. ఒకటి లక్షా నలభై వేలది, ఒకటి నలభై వేలది, ఒకటి రెండున్నర వేలది. ఏది ఏదో చెప్పాలి. ఎట్లా వినిపిస్తుందో మీ అమ్మకు కూడా అర్థమయ్యే తెలుగులో రాయాలి. శుక్రవారం సాయంత్రం అయిదింటికల్లా మెయిల్ రావాలి. నెట్‌లోంచి ఎత్తిన వాక్యం ఒక్కటి కనిపించినా పక్కన పడేస్తాం. సరిగ్గా రాస్తే ఉద్యోగం.

పూడూరు దగ్గర వాళ్ల ఊళ్లో, వాళ్ల ఇంట్లో, డిగ్రీ మొహం చూసింది ఆమె ఒక్కతే. బీఎస్సీ ఎలక్ట్రానిక్స్ చదివి రెండేళ్లుగా వికారాబాద్ స్టేషన్ ఎదురుగా అజమత్ భాయ్ మొబైల్ దుకాణంలో పనిచేస్తోంది. ఉద్యోగమనేది ఇంత దగ్గరగా వచ్చి వాకిట్లో నిలబడటం ఇదే మొదటిసారి. చెవులకు సంబంధించిన పరీక్ష అని తెలిసి వాళ్లమ్మ భీమమ్మ కొబ్బరినూనె వెచ్చబెట్టి చెవుల్లో పోస్తానని వెంటబడింది. తప్పించుకుని పారిపోయి వచ్చేసరికి రెబెక్కకు తల ప్రాణం తోకకొచ్చింది.

బుధవారం పార్సిల్ విప్పిన దగ్గర్నుంచి ఆమె నేల మీద లేదు. పద్ధతి ప్రకారం పోవాలని ఒక నోటుబుక్కు పెట్టుకుంది. ఏది గట్టిగా మోగితే అదే బాగున్నట్టు మనిషి చెవి మోసపోతుందని ఆమెకు దుకాణం నేర్పింది. అందుకని మూడూ ఒకే మోతాదులో మోగేటట్టు కొలిచి, ఒకటో నంబరుకు పద్దెనిమిది, రెండుకు ఇరవై ఒకటి, మూడుకు పదకొండు అని వాల్యూము రాసిపెట్టుకుంది. ఒకరు విన్నాక ఇంకొకరు వినేముందు స్పిరిట్‌తో తుడవాలని రాసుకుంది. ఎర్ర ఇంకుతో కింద గీత కూడా గీసింది.

మూడోది చవకదని మొదటి పాటకే తేలిపోయింది. పాడేవాళ్లు 'స' అన్నప్పుడల్లా కుక్కర్ మూతలోంచి ఆవిరి తన్నినట్టు చెవిలో చురుక్కుమనేది. చిక్కంతా ఒకటీ రెండుతోనే వచ్చింది. ఒకటి వింటే ఇదే లక్షది అనిపించేది. రెండు వింటే పాపం దీనికి అన్యాయం చేస్తున్నానేమో అనిపించేది. రెండు రోజులు వాటి మధ్య లోలకంలా ఊగాక, గురువారం సాయంత్రం ఆమెకు మేనమామ బాలస్వామి గుర్తొచ్చాడు.

బాలస్వామి తాండూరులో బండల పాలిష్ యూనిట్‌లో బండలు ఏరుతాడు. పాత మందపాటి అయిదు రూపాయల బిళ్లతో బండను ఒక్కసారి కొట్టి, ఆ మోతను బట్టి లోపల పగులుందో లేదో చెప్పేస్తాడు. కంటికి కనిపించని వెంట్రుకంత పగులు ఆయన చెవికి దొరుకుతుంది. ఆ బండల మోతను ఫోన్లో రికార్డు చేసి, మూడింటిలోనూ ఆయనకే వినిపిస్తే ఎట్లుంటుంది? ఏ నంబరులో పగుళ్లన్నీ దొరుకుతాయో అదే ఎక్కువ వినిపిస్తున్నట్టు. ఈ ఆలోచన వచ్చాక ఆమెకు అన్నం కూడా సయించలేదు. సంతోషంతోనే.

శుక్రవారం పొద్దున దుకాణానికి వెళ్లి సెలవు అడిగింది. అజమత్ భాయ్ జుమ్మా నమాజుకని పొద్దున్నే ఇస్త్రీ కుర్తా వేసుకుని, కుడిచెవి మడతలో అత్తరు దూది పెట్టుకుని, పెండ్లికొడుకులా గల్లా ముందు కూర్చున్నాడు. సెలవిచ్చాడు గానీ ఒక షరతు పెట్టాడు.

"రెండు రోజుల సంది నువ్వే వింటున్నవ్ బేటా. జర నాకు గూడ వినిపియ్యి. లక్ష రూపాయలది వద్దు, పట్టుకుంటెనే చెయ్యి వణుకుతది. గా చవకది ఇయ్యి."

మూడోది ఇచ్చింది. వైరును చెవి మీదుగా తిప్పడం ఆయనకు కుదరలేదు. రెండుసార్లు తిప్పి, లాగి, చివరికి బొటనవేలితో లోపలికి గట్టిగా నొక్కి కళ్లు మూసుకున్నాడు. ఆయనకిష్టమైన కవ్వాలీ పెట్టింది. తల ఊపుతూ విన్నాడు.

"పాడేటోళ్లు ఇద్దరున్నరు. ఎడమ దిక్కాయన జర గరంగున్నడు. కుడి దిక్కాయన మస్తు నిమ్మళం," అన్నాడు.

పాడేది ఒక్కడే. ఈయన హాస్యమాడుతున్నాడనుకుని రెబెక్క నవ్వింది. ఇంతలో తాండూరు వైపు బండి వస్తోందని స్టేషన్ మైకులో చెప్పారు. ఆమె ఆయన చెవుల్లోంచి దాన్ని లాగినంత పనిచేసి, డబ్బాలో వేసి, డబ్బాను సంచిలో వేసి పరుగు తీసింది. ఎర్ర ఇంకు గీత ఆమెకు ధారూరు దాటాక గుర్తొచ్చింది. ఇంకొకరు వినేముందు తుడుస్తాలే అనుకుంది.

యూనిట్ చేరేసరికి రాళ్లు కోసే మిషన్లు నీళ్లు చిమ్ముతూ మోగుతున్నాయి. పక్కనున్న మనిషి మాట వినపడాలంటే చెయ్యి పట్టి లాగాలి. మధ్యాహ్నం అన్నాల వేళకు మిషన్లు ఆగాయి. ఆ నిశ్శబ్దం కోసమే కాచుకుని ఉన్న రెబెక్క మామను బండల దొంతి దగ్గరికి లాక్కెళ్లింది. ఆయన ఆరు బండలు నిలబెట్టి బిళ్లతో కొట్టాడు. నాలుగు మంచివి, రెండు పగులువి. ఏ వరసలో కొట్టాడో ఆమె నోటుబుక్కులో రాసుకుని, వినిపించేటప్పుడు వరస మార్చింది.

అత్త శాంతవ్వ కూడా అక్కడే పనిచేస్తుంది. పుంటికూర గిన్నె మూత తీస్తూ, ముందు తినండి, రాళ్లు యాడికీ పోవు అని కేకేసింది. ముగ్గురూ బండల మీదే కూర్చున్నారు. రొట్టె తింటూ రెబెక్క సంగతంతా చెప్పింది. ఉద్యోగం మాట వినగానే ఇద్దరూ నమలడం ఆపారు. సాయంత్రం అయిదింటికే అని చెప్పేసరికి శాంతవ్వ ఆమె చేతిలోని రొట్టె ముక్క లాక్కుని తన కొంగుతోనే చేతులు తుడిచింది.

చెడ్డదాని తర్వాత మంచిది వింటే తేడా తెలుస్తుందని రెబెక్క ముందు మూడోది తీసింది. ఒక ఆడగొంతు జానపదం పెట్టింది. బయట బయట స్పిరిట్‌తో తుడిచి మామ చేతికిచ్చింది. ఆయన కుడివైపుది ఒక్కటే తీసుకున్నాడు.

"రెండు చెవులెందుకే పిల్లా. బండను కొట్టినప్పుడు ఒక్క చెవే ఇస్తం. రెండో చెవి ఉత్తగ లొల్లి చేస్తది."

ఖాళీగా వేలాడుతున్న ఎడమదాన్ని శాంతవ్వ అందుకుంది. భార్యాభర్తలిద్దరూ ఒకే వైరుకు కట్టిన ఎడ్లలా తల దగ్గర తల పెట్టుకుని కూర్చున్నారు. పాట సగమయ్యేసరికి బాలస్వామి ముఖం వెన్నలా కరిగింది.

"ఇంకోటి పెట్టనక్కర లేదు," అన్నాడు. "ఇదే లక్షది. తేనె పోసినట్టున్నది."

రెబెక్క పాట ఆపేసింది. రెండు రోజులుగా తాను అణువంత సందేహం లేకుండా చవకది అని తేల్చింది ఇదొక్కటే. బండ లోపలి పగులును పట్టే మనిషి దీన్ని లక్షది అంటున్నాడంటే తన చెవులు ఏం చెవులు? ఇక ఉద్యోగం మాటెత్తే మొహం ఉందా?

ఆమె నోరు తెరిచేలోపే శాంతవ్వ అందుకుంది.

"తేనెనా? కత్తెరతో కత్తెర గీకినట్టున్నది. నీ చెవులు పాడుగాను, ముప్పై ఏండ్లు మిషన్ల పక్కన నిలవడి నిలవడి మొద్దువారినయ్."

"నా చెవుల మీదనే గీ యూనిట్ నడుస్తున్నది. నీయే పొయ్యినయ్. రాత్రి కుక్క మొరిగితే లేస్తవా నువ్వు?"

"నువ్వు గురకవెడితె కుక్కే మొరుగుడు బందు వెట్టింది."

పక్క దొంతి మీద తింటున్నవాళ్లు మాట ఆపి చెవులు రిక్కించారు. సేడం నుంచి వచ్చి అవతల కూర్చున్న మనిషి ఒకాయన కన్నడంలో ఏదో అన్నాడు, అందరూ నవ్వారు. బాలస్వామికి రోషం వచ్చింది. భార్య చెవిలోది లాక్కుని తన కుడిచెవిలోనే పెట్టుకున్నాడు, తనది ఆమెకిచ్చాడు. ఇప్పుడు విను, తేనె కాదంటే నా పేరు మార్చుకుంట అన్నాడు.

పాట మళ్లీ మొదలైంది. ఈసారి శాంతవ్వ కళ్లు అరమోడ్చింది. బాలస్వామి ముఖం చింతపండు నమిలినట్టు ముడుచుకుపోయింది. ఒకరి వైపు ఒకరు చూసుకున్నారు. ఎవరికి వారు ఓడిపోయామని ఒప్పుకోవడమా, గెలిచామని చెప్పడమా తేలక ఇద్దరూ రెబెక్క వైపు తిరిగారు.

రెబెక్క అప్పటికే లేచి నిలబడింది. చెవులు మారినా తేనె కుడిదానిలోనే ఉంది, కత్తెర ఎడమదానిలోనే ఉంది. అంటే తేడా మనుషుల్లో లేదు, వస్తువులో ఉంది. కవ్వాలీ పాడిన ఇద్దరు మనుషులు ఆమెకు అప్పుడు గుర్తొచ్చారు. కుడి దిక్కాయన మస్తు నిమ్మళం.

"ఇది గుమ్మున వాసనొస్తున్నదేందే?" అంది శాంతవ్వ, కుడిదాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని. "పెండ్లి పందిట్ల చల్లినట్టు."

రెబెక్క దాని కొసనున్న రబ్బరు టోపీ ఊడదీసి వెలుగుకు పట్టి చూసింది. దాని లోపల, సరిగ్గా పాట బయటికొచ్చే దారిలో, పెసరగింజంత దూది ముద్ద హాయిగా కూర్చుని ఉంది. అజమత్ భాయ్ వైరును చెవి మీదుగా తిప్పే తిప్పలలో అత్తరు దూది మడతలోంచి జారి కిందికొచ్చి ఉంటుంది. బొటనవేలు పెట్టి నొక్కినప్పుడు టోపీలోకి దూరి ఉంటుంది. దుకాణంలోనే తను టోపీ తీసి తుడిచి ఉంటే అప్పుడే కనిపించేది.

నవ్వాలో ఏడవాలో ఆమెకు తెలియలేదు. పరాయి కంపెనీ సామాను. పరీక్షకని నమ్మి పంపిన సామాను. లోపలి జాలీకి అత్తరు నూనె అంటిందేమో, శాశ్వతంగా పాడైందేమో. ఫోన్ చేసి అడిగితే అజమత్ భాయ్ మొదట దిగులుపడ్డాడు. నమాజుకు ముందు వజూ చేస్తూ చెవులు తుడుచుకునేటప్పుడు దూది కనపడకపోతే ఎక్కడో పడిపోయిందనుకున్నాడట. తర్వాత ఒక ఉపాయం చెప్పాడు. దూది పీకి పారేసి, తుడిచి, ఏమీ జరగనట్టు రాయమన్నాడు. ఎవరడుగుతారు? అడిగితే అజమత్ చేశాడని చెప్పమన్నాడు.

ఉపాయం మంచిదే. రెబెక్క అర నిమిషం ఆ ఇయర్‌ఫోన్‌ను చేతిలో పట్టుకుని కూర్చుంది కూడా. కానీ ఆమె మనసు అప్పటికే ఇంకో దారి పట్టింది. ఆ దూది ముద్ద కత్తెరను తేనె చేసింది గదా. రెండున్నర వేలదాన్ని లక్షదనిపించింది గదా, అదీ బాలస్వామి చెవికి. ఇది తప్పు అయితే కావచ్చు, కానీ రెండు రోజుల్లో తాను కనిపెట్టిన అసలు సంగతి ఇదే. దీన్ని దాచి మిగతాది రాస్తే అది ఉన్నదున్నట్టు రాయడం ఎట్లా అవుతుంది?

"మామా, నీ బండల మోతలు ఇంకా వినలే కదా," అంది. "అసలు పని ఉన్నది."

బండల మోతలు పెట్టింది. రెండో నంబరులో ఆయన ఆరింటిలో ఒక పగులు పట్టాడు, రెండోది వదిలేశాడు. మోత గొప్పగా ఉంది గానీ అది ఆగే చోటు, దాని తోక దొరకడం లేదు అన్నాడు. ఒకటో నంబరులో రెండు పగుళ్లూ పట్టాడు. అంతటితో ఆగకుండా, మంచి బండలు అనుకున్న నాలుగింటిలో ఒకదాని దగ్గర చెయ్యి ఎత్తి, మళ్లీ పెట్టు అన్నాడు. మళ్లీ పెట్టింది. ఆయన ఇయర్‌ఫోన్ తీసేసి, అది ఏ బండో రెబెక్క నోటుబుక్కులో చూపించుకుని, దాని దగ్గరికే నడిచి, కింది మూల నీళ్లు చల్లి చూశాడు. తడి ఆరుతుండగా మూలన సాలెపురుగు కాలంత సన్నటి గీత తేలింది. మిషన్లు ఆగినా చెవుల్లో హోరు ఆగకపోవడంతో ఇందాక బయట తనకు దొరకనిది, ఇక్కడ చెవిలో దొరికింది.

ఆయన ఆ గీతను గోటితో గీకి చూశాడు. తర్వాత తిరిగొచ్చి, "ఇది లక్ష గాదు పిల్లా. లక్ష మీద ఎంతుంటె గంత," అన్నాడు.

రెబెక్కకు ఎగిరి గంతేయాలనిపించింది. గంతేసింది కూడా, బండల దొంతి మీదే. శాంతవ్వ పడిపోతవే అని కాలు పట్టుకుంది. చివరగా స్పిరిట్‌తో తుడవడానికి తెచ్చిన దూదిలోంచి చిదిమి, మూడోదాని ఎడమవైపు కూడా అంతే పెట్టి విన్నారు. తేనె రెండు చెవుల్లోనూ సమానంగా కారింది. బండల పగులు మాత్రం అందులో ఒక్కటీ దొరకలేదు. పాటకు పనికొస్తది, బండకు పనికిరాదు అని బాలస్వామి తీర్పు చెప్పాడు. ఆ మాట ఆమె అట్లాగే నోటుబుక్కులో ఎక్కించింది.

మిషన్లు మళ్లీ మోగడం మొదలుపెట్టాయి. ఆ హోరులో, ఒళ్లో ఫోన్ పెట్టుకుని, రెబెక్క రాసింది. మొదటి వాక్యమే ఇట్లా రాసింది: "మూడో నంబరు కుడివైపుదానిలో మా దుకాణం యజమాని అత్తరు దూది పడింది. తుడవకుండా డబ్బాలో పెట్టడం నా తప్పు. పాడైతే నాదే బాధ్యత." ఆ తర్వాత అసలు సంగతి. "ఒకటో నంబరులో మోత ఎక్కడ మొదలైందో వినిపిస్తుంది, ఎక్కడ ఆగిందో కూడా వినిపిస్తుంది. ఇదే ఖరీదైనది. రెండో నంబరు పెండ్లి భోజనం. అన్నీ రుచిగానే ఉంటాయి, కానీ ఏది ఏ గిన్నెలోంచి వచ్చిందో చెప్పలేం. మూడో నంబరు 'స' దగ్గర కుక్కర్‌లా చీదుతుంది. పెసరగింజంత దూది పెడితే చీదడం మానేస్తుంది. అప్పుడు ముప్పై ఏళ్లు బండలు విన్న మనిషి కూడా దాన్నే లక్షది అన్నాడు." నాలుగూ నలభై ఏడుకు పంపించింది.

శనివారం పొద్దున దుకాణంలో ఇద్దరి కళ్లూ ఫోన్ మీదే ఉన్నాయి. అజమత్ భాయ్ చెవిలో దూది లేదు. జన్మలో పెట్టనని రాత్రే ఇంట్లో చెప్పాడట. పదిన్నరకు ఫోన్ మోగింది. జనార్దన్ సార్ పేరు చూసి రెబెక్క ఫోన్‌ను గల్లా దగ్గరికి తెచ్చింది. స్పీకరులో పెట్టింది.

"దూది ఎంత వేశారు?" అన్నాడాయన, హలో కూడా అనకుండా.

అజమత్ భాయ్ గల్లా మీదికి వంగాడు.

"సార్, తప్పు నాది. పిల్లది గాదు. పెసరగింజంత సార్, గంతకు మించి లేదు."

"వదులుగానా, గట్టిగానా?"

"వదులుగనే సార్. అత్తరు పీల్చాలె గదా."

అవతల నుంచి ఎవరో ఇంకొకరితో వదులుగా అంట, వదులుగా అని చెప్పడం వినిపించింది. తర్వాత జనార్దన్ నవ్వు ఆపుకుంటూ సంగతి చెప్పాడు. మూడో నంబరు వాళ్లు సొంతంగా తయారుచేసిందే. ఆ చీదడం పోగొట్టడానికి వాళ్ల ఇంజనీరు ఎనిమిది నెలలుగా తల పట్టుకుని కూర్చున్నాడు. పొద్దున్నే రెబెక్క రాసింది చదివి మెడికల్ షాపు నుంచి దూది తెప్పించి కూరాడు. ఎక్కువ కూరడంతో పాటగాడు బావిలో పడ్డట్టు అయింది. అందుకని కొలత కోసం ఫోన్ చేశారు.

"మరి ఒకటీ రెండూ సార్?" అంది రెబెక్క.

"ఓ, అవా. అవి సరిగ్గానే చెప్పావమ్మా. సోమవారం వచ్చి చేరు. ఆ దూది పెద్దమనిషిని కూడా ఒకరోజు తీసుకురా."

ఫోన్ పెట్టేశాక అజమత్ భాయ్ గల్లా కింది నుంచి అత్తరు బుడ్డి తీసి, దూది చిదిమి, ఈసారి రెండు చెవుల్లోనూ పెట్టుకున్నాడు. రెబెక్క నోటుబుక్కులోంచి ఒక కాగితం చింపి, 'చెవిలో దూది తీసి వినవలెను' అని పెద్ద అక్షరాలతో రాసి ఇయర్‌ఫోన్ల అద్దాల పెట్టెకు అతికించింది. ఎర్ర ఇంకుతో కింద గీత కూడా గీసింది.

అమ్మకు చెప్పింది. తర్వాత తాండూరుకు చేసింది. ఉద్యోగం వచ్చిందనగానే మామ యూనిట్ మొత్తానికీ వినపడేటట్టు కేకేశాడు. తర్వాత గొంతు తగ్గించి అడిగాడు.

"అది సరే పిల్లా. మూడోది బాగున్నట్టా, బాగలేనట్టా? కంపెనీవాళ్లు ఏమన్నరు? మీ అత్త నిన్నటి సంది నన్ను నిద్రపోనిస్తలేదు."

రెబెక్క ఆలోచించింది. ఉన్నదున్నట్టు చెప్పడం ఆమెకు అలవాటు.

"ఇద్దరూ కరెక్టే మామా. ఎడమది బాగలేదు, కుడిది బాగున్నది."

ఫోన్ చేతులు మారిన చప్పుడైంది.

"ఎడమది బాగలేదని ముందు చెప్పింది నేను," అంది శాంతవ్వ. "రాసినవా గా సంగతి?"